మునెప్ప మూటలు విప్పిన ఇంగ్లీషు పాఠం

పసిపిల్లలకు ఇంగ్లీషులో బట్టల పేర్లు నేర్పితే ఏమవుతుంది? మహా అయితే ఓ పిల్లవాడు ప్యాంటును షర్టంటాడు, మనం నవ్వుకుని సరిదిద్దుతాం, అంతే కదా అనుకుంటున్నారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నేను నేర్పిన పాఠం దెబ్బకు పుంగనూరు పెద్దాయన ఒకడు లేని చక్కెర జబ్బుకు రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఇంకో పెద్దాయన ఉన్న ఆకలిని చంపుకుని రాత్రిపూట అన్నం మానేశాడు. మా నాన్న పెళ్లికోటు ఆయనకు తెలియకుండా ఒంటరిగా బస్సులో కుప్పం వెళ్లిపోయింది. ఇంత చేసి కూడా నా ఉద్యోగం పోలేదు సరికదా, పెరిగింది. ఎలాగో చెబుతాను. పాఠం అయిపోయేదాకా ఎవరూ బెంచీ దిగకూడదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పేరు ఎస్తేరు. మాది మదనపల్లె. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. నేను చిన్నపిల్లల టీచరు ట్రైనింగు అప్పుడే పూర్తిచేసి, ఈ లోకంలో నాకు తెలియాల్సింది ఇంకేమీ మిగల్లేదన్న గట్టి నమ్మకంతో ఉన్నాను. ట్రైనింగులో మాకు ఒకటే మంత్రం నూరిపోశారు. పిల్లలకు మాట నేర్పాలంటే బొమ్మ చూపించకు, వస్తువు చేతికివ్వు. పాఠం చెప్పకు, ఆట ఆడించు. ఆ మంత్రం ఒకటి పట్టుకుని పుంగనూరులో ఒక చిన్న బడిలో చేరాను. మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు నా క్లాసు. రోజూ పొద్దున మదనపల్లెలో బస్సెక్కడం, సాయంత్రం టమాటా లారీల వెనకాల నత్తలా నడిచే బస్సులో ఇల్లు చేరడం.

బడి పెట్టినాయన రెడ్డెప్ప సార్. అంతకుముందు శనక్కాయ నూనె వ్యాపారం చేసేవారు. భారీ మనిషి. తెల్ల చొక్కా తప్ప ఒంటిమీద ఇంకో రంగు పడనిచ్చేవారు కారు. పుంగనూరు బడి బాగా నడుస్తోందని కుప్పంలో ఇంకొకటి తెరవబోతున్నారు. దానికొక ఇన్‌చార్జి కావాలి. ఒకరోజు నన్ను పిలిచారు.

"సూడు ఎస్తేరమ్మా, శుక్రవారం నువ్వొక డెమో క్లాసు పెట్టు. నేనే వచ్చి కూసుంటా. నాకు నచ్చిందా, కుప్పం బడి నీది. నచ్చలేదా, మదనపల్లె బస్సు నీది."

"అంటే ఉద్యోగం..."

"బస్సంటే బస్సే కదమ్మా. దాంట్లో అర్థం కానిదేముండాది?"

ఇరవై రెండేళ్లకే ఒక బడికి ఇన్‌చార్జి! ఆ రాత్రి కుప్పంలో నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా నిర్ణయించుకున్నాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డెమో కాకముందే నాకు కుర్చీ వచ్చేసింది.

పాఠం బట్టల పేర్లు. ఆట నేనే కనిపెట్టాను. గది మధ్యలో బట్టల కుప్ప. గోడ పొడవునా బుట్టలు. షర్టుకొకటి, ప్యాంటుకొకటి, శారీకొకటి, టవలుకొకటి. ఎవరైనా ఒక్కరు "షర్ట్!" అని అరిస్తే చాలు, అందరూ "షర్ట్!" అని అందుకుని, పరిగెత్తి, దొరికిన షర్టును దొరికినట్టు తెచ్చి బుట్టలో వేయాలి. నేను "స్టాప్!" అంటే ఉన్నవాళ్లు ఉన్నట్టు బొమ్మల్లా నిలబడిపోవాలి. వారం రోజులు యూనిఫారం ముక్కలతో, పిల్లల ఇళ్ల నుంచి తెప్పించిన పాత చీర, టవలు ముక్కలతో ఆడించాను. పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారంటే, వాళ్ల చేతుల్లోంచి నా చున్నీ కాపాడుకోవడమే నాకు పెద్ద పనైపోయింది.

అందరిలోకీ గట్టిది జోష్న. దానికి నాలుగేళ్లు నిండలేదు, నోటికి మాత్రం నలభై ఎప్పుడో నిండాయి. ఎవరైనా టవలు తెచ్చి శారీ బుట్టలో వేస్తే "రాంగ్!" అని వాళ్ల చేతే తీయించి, సరైన బుట్టలో వేయించేదాకా వదిలేది కాదు. క్లాసుకు టీచరు నేనైనా, పోలీసు మాత్రం జోష్న.

డెమోకు పెద్దవాళ్ల బట్టలైతే కంటికి నిండుగా ఉంటాయని అమ్మ చీరలు, తమ్ముడి జీన్సు, దుప్పట్ల సంచిలో కుక్కాను. కోటు అనే మాట కూడా నేర్పాలనిపించింది. పుంగనూరు ఎండలో కోటు తొడిగేవాడెవడు? మా ఇంట్లో మాత్రం ఒకటుంది. మా నాన్న పెళ్లికోటు. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్ ఆరాధనకు, నాఫ్తలీన్ వాసనతో బయటికొస్తుంది. అడిగితే ఇవ్వడని, అడక్కుండానే అదీ ఆ సంచిలోనే పెట్టాను. సాయంత్రానికి తెచ్చి పెట్టేస్తాను కదా!

శుక్రవారం పొద్దున బస్సెక్కి, సంచి పైన అరలో పెట్టి, రెడ్డెప్ప సార్ ముందు ఇంగ్లీషులో చెప్పాల్సిన నాలుగు ముక్కలూ కళ్లు మూసుకుని వల్లె వేసుకున్నాను. పుంగనూరు రాగానే క్యారియరు, గొడుగు జాగ్రత్తగా పట్టుకుని దిగాను. బస్సు కదిలి పలమనేరు రోడ్డు మలుపు తిరిగాక, చేతులెందుకో తేలికగా ఉన్నాయే అనుకున్నాను. ఆ బస్సు పలమనేరు మీదుగా కుప్పం పోయేది. కుప్పం బడికి నాకంటే ముందు మా నాన్న కోటు బయల్దేరింది.

ఏడ్చుకుంటూ బడికొచ్చాను. ఇంకో గంటలో సార్ వస్తారు. వారమంతా ఆడించిన పాత ముక్కలన్నీ ముందురోజే ఇళ్లకు తిప్పి పంపేశాను. గది మధ్యలో కుప్ప లేదు. ఖాళీ బుట్టలు నన్ను చూసి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు వచ్చాడండీ మునెప్ప.

మునెప్పది ఇస్త్రీ బండి. మా బడి ప్రహరీని ఆనుకునే ఉంటుంది. ఆ వీధిలో ప్రతి ఇంటివాళ్లూ తమ బట్టలను తమ ఇంటి పాత దుప్పట్లోనో, పాత చీరలోనో కట్టి అతనికిస్తారు. అతను బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి, మళ్లీ ఆ గుడ్డలోనే కట్టి ఇంటికి చేరుస్తాడు. పేరు రాయడు, గుర్తు పెట్టడు. మూటగుడ్డే చిరునామా. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చి అన్నీ తెలుసనుకున్న ఒక్క మనిషికి తప్ప.

"మిస్సమ్మా, మొబ్బు పట్టింది. ఇస్త్రీ అయిన మూటలు లోపల పెడతాండా. బొగ్గులు అయిపోయినాయి, బజారుకు పోయొస్తా. రొంత సూస్తా ఉండమ్మా."

"నువ్వు వెళ్లిరా మునెప్పన్నా. నేను చూస్తాను కదా!"

చూస్తూండమన్నాడు, చూశాను. చూసేకొద్దీ నాకు ప్రభువు నా ప్రార్థన విన్నాడనిపించింది. దేవుడు మూటలు పంపిస్తే ముడులు కూడా ఆయనే విప్పాలా? ఆట అయ్యాక మళ్లీ మడతపెట్టి కట్టేస్తే మునెప్పకు తెలిసేదెలా? ఒక్కొక్క మూటా విప్పి గది మధ్యలో గుమ్మరించాను. మూటలు కట్టిన దుప్పట్లు, పాత చీరలు మిగిలాయి. దుప్పటి ఒంటిమీద వేసుకునేది కాదు కాబట్టి ఈరోజు పాఠంలో రాదు. అందుకని వాటిని బుద్ధిగా మడతపెట్టి బీరువాలో పెట్టేశాను. నా శుభ్రతకు నేనే మురిసిపోయాను కూడా.

సార్ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆట మొదలైంది.

అబ్బ, ఏం ఆటండీ అది! "షర్ట్!" అన్నానో లేదో గది అదిరిపోయింది. ఒకడు తనకంటే పొడుగైన ప్యాంటును ఈడ్చుకుపోతున్నాడు. ఇద్దరాడపిల్లలు ఒక పట్టుచీరను చెరో కొసా పట్టుకుని "శారీ, శారీ" అని ఊరేగిస్తున్నారు. లుంగీ కనబడితే "మిస్, లుంగీకి ఇంగ్లీషులో ఏమి?" అని ఒకడడిగాడు. లుంగీకి ఇంగ్లీషులో కూడా లుంగీయే అని చెప్పి గండం గడిచాను. కాసేపటికి గది మధ్యలో కుప్ప లేదు. షర్టులన్నీ ఒక బుట్టలో, ప్యాంట్లన్నీ ఒక బుట్టలో, చీరలన్నీ ఒక బుట్టలో. ఒక్క తప్పు లేదు. జోష్న ఉండగా తప్పెలా ఉంటుంది?

రెడ్డెప్ప సార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "భలే ఎస్తేరమ్మా, భలే! ఒక్కటి కూడా కలగాపులగం కాకుండా ఎట్ల ఏరినారో సూడు!"

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే మునెప్ప బొగ్గుల సంచితో గుమ్మంలోకొచ్చాడు.

"మిస్సమ్మా... నా మూటలు యాడ?"

"ఇవిగో మునెప్పన్నా! చూడు, షర్టులన్నీ ఇక్కడ, ప్యాంట్లన్నీ అక్కడ, చీరలన్నీ ఆ మూల. పిల్లలు ఎంత చక్కగా సర్దారో!"

మునెప్ప బొగ్గుల సంచి కింద పెట్టి, తనూ దాని పక్కన కూలబడ్డాడు.

"సొక్కాలన్నీ ఒకసోట యాల పెట్టినావమ్మా? ఇంటింటికీ సొక్కా, ప్యాంటు, సీర కలిపి కదా పోవాల!"

"అదెంత పని? ఏది ఎవరిదో నీకు తెలుసు కదా!"

"నాకెట్ల తెలుస్తాదమ్మా? నాకు మూటగుడ్డ తెలుసు. పసుప్పూల దుప్పటి లాయరమ్మ ఇల్లు, సిరిగిన నీలం సీర క్రిష్ణప్ప ఇల్లు. లోపలి గుడ్డల మొగం నేనెప్పుడు సూసినా? తలకాయ వంచుకోని పెట్టె తోసేదే నా పని."

రెడ్డెప్ప సార్ చప్పట్లు ఆగిపోయాయి. ఏదో గుర్తొచ్చినట్టు బుట్టలవైపు చూశారు.

"మునెప్పా, నా సొక్కా కూడా నీకే కదా ఇచ్చింటి? కుప్పం ప్రారంభోత్సవానికని కొత్తగా కుట్టించినది?"

"దీంట్లోనే యాడనో ఉండాది సార్."

సార్ నావైపు తిరిగారు. "ఎస్తేరమ్మా, బడి వదిలేలోపల ఎవురి గుడ్డలు వాళ్లకు చేరాల. చేరకపోతే సాయంత్రం ఎక్కే బస్సే నీకు కడాపటి బస్సు."

ఏం చేయను? మొదట వాసన చూశాను. అన్నిటికీ ఒకటే బొగ్గు వాసన. తర్వాత కొలతలు చూశాను. ఈ నడుముకు ఈ ఛాతీ, ఈ ఛాతీకి ఈ చీర అని జతలు కుదర్చబోతే, మునెప్ప నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు గుడ్డలు ఏరతాండావా, పెండ్లి సంబంధాలు కుదరస్తాండావా?" దుప్పట్లు బీరువాలోంచి తీసి ముందు పరిచాను. మూటలు విప్పగానే పాఠం కాదు, మూటగుడ్డలు పరవగానే మూటలూ కావని అప్పుడు తెలిసింది.

ఇంతలో వెనక నుంచి ఎవరో నా చున్నీ పట్టుకుని లాగారు. జోష్న.

"మిస్, దిస్ ఈజ్ మై మమ్మీ శారీ."

"నీకెట్లా తెలుసే?"

జోష్న చీర కొంగు చివర పట్టుకుని చూపించింది. "ఈడ నేను ముక్కు తుడుసుకుంటా."

వంగి చూద్దును కదా, మునెప్ప పెట్టె ఎన్నిసార్లు తోసినా పోని మచ్చ ఒకటి ఆ కొంగున భద్రంగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆలోచిస్తే ఎంత సులువు! మనం మనుషుల్ని మొహం చూసి గుర్తుపడతాం. మూడేళ్ల పిల్లకు అంత ఎత్తున ఉండే మొహాలతో పనేముంది? వాళ్లు పట్టుకు వేలాడేది కొంగులు, వాటేసుకునేది మోకాళ్లు. ఊళ్లోని ప్రతి కొంగూ, ప్రతి ప్యాంటు కాలూ ఎవరిదో వాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"పిల్లలూ, కొత్త ఆట!" అని కేక వేశాను. "ఎవరి ఇంటివి వాళ్లు తీయండి. తీసి, దిస్ ఈజ్ మై మమ్మీ శారీ, దిస్ ఈజ్ మై డాడీ ప్యాంట్ అని చెప్పాలి!"

ఎగబడ్డారు. "దిస్ ఈజ్ మై డాడీ ప్యాంట్! ఈడ నేను సాక్లేటు పూసినా!" "దిస్ ఈజ్ మై అవ్వ శారీ! ఈ బొక్క ఎలక కొరికింది!" పిల్లల్లేని ఇళ్ల బట్టలు కూడా వదల్లేదు. పక్కింటి మామ లుంగీ, ఎదురింటి అత్త జాకెట్టు, అన్నిటికీ సాక్షులు దొరికారు. మునెప్ప ఏ ఇంటిది ఏ దుప్పటో చెబుతుంటే అందులోకి చేరుస్తూ, నలిగినవాటికి మళ్లీ పెట్టె తోశాడు. నేను బండి దగ్గర కూర్చుని అట్టముక్కతో బొగ్గులకు విసిరాను. మొహమంతా మసి. కుప్పం ఇన్‌చార్జి మొహం!

బడి వదిలే వేళకు తల్లులొచ్చారు. ప్రతి పిల్లా మూట పక్కన నిలబడి "మమ్మీ, దిస్ ఈజ్ మై డాడీ షర్ట్!" అని అప్పగింతలు పెడుతోంది. ఒకామె బుగ్గలు నొక్కుకుంది. "మా వానికి ఇంట్లో నీళ్లు కావల్లని అడిగేదానికే నోరు రాదు. ఇంగ్లీషు ఎట్ల మాట్లాడతాండాడో సూడండమ్మా!" దాని వ్యాకరణం సంగతి నేను ఎత్తలేదు. మునిగేవాడు గడ్డిపరకకు పురుగు పట్టిందా అని చూస్తాడా?

చివరికి తెల్ల చొక్కాలు మిగిలాయి. తెల్ల చొక్కా మీద ముక్కు తుడిచే ధైర్యం ఏ పిల్లకూ లేదు కాబట్టి వాటికి సాక్షుల్లేరు. ఒకటి రెడ్డెప్ప సార్‌ది, ఒకటి జోష్న తాత క్రిష్ణప్పది అని మునెప్ప చెప్పాడు. రెండూ ఒకే దర్జీ కుట్టినవి. ఒకే గుడ్డ, ఒకే గుండీలు. నేను పైదాన్ని సార్ కారులో పెట్టించి, కిందిదాన్ని జోష్న వాళ్ల నీలం చీరలో కట్టేశాను.

జోష్న ఆ మూట విప్పి చూసింది.

"మిస్, ఇది మా తాత సొక్కా కాదు."

"అదే జోష్నా."

"కాదు. మా తాత సొక్కాలో సూర్యుడు ఉంటాడు. దీంట్లో సూర్యుడు లేడు."

నేను కిటికీలోంచి ఆకాశంకేసి చూశాను. "మొబ్బు పట్టింది కదా తల్లీ, రేపొస్తాడు. తెల్ల చొక్కాలన్నీ ఒకటే. పద."

జోష్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపున గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం సార్ తీర్పు చెప్పారు. "నువ్వు పాసూ కాలేదు, ఫెయిలూ కాలేదు. వచ్చే శుక్రవారం కుప్పం బడి తెరస్తాము. ఆ ఊరి తల్లిదండ్రుల ముందర ఇదే ఆట ఆడించు. అది బాగా జరిగిందా, కుర్చీ నీది. లేదంటే బస్సు సంగతి నీకు తెలుసు. ఇంకొక మాట. ఎవురి మూటలూ ముట్టుకోవద్దు."

ఆ వారంలో రెండు వింతలు జరిగాయి. రెండూ నా కళ్ల ముందే జరిగినా నా బుర్రకు ఎక్కలేదు. మొదటిది, రెడ్డెప్ప సార్ ఆదివారం కొత్త చొక్కా తొడిగి చూసుకుంటే గుండీలు పట్టలేదట. కుట్టించి నెల కాలేదు, అప్పుడే ఇంత పొట్టా అని హడలిపోయి, రాత్రిపూట అన్నం మానేసి ఒక్క గ్లాసు మజ్జిగతో పడుకోవడం మొదలుపెట్టారు. వారమంతా బడిలో ఆయన ఎవరి క్యారియరు మూత తీసినా ఆవైపే చూసేవారు.

రెండోది మా నాన్న అన్నం తింటూ చెప్పాడు. "పుంగనూరు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు ఆసుపత్రికి. సొక్కా లూజు అయిపోయింది, సన్నబడిపోతాండా, షుగరేమో సూడండని ఒకటే ఏడుపు. పరీక్ష చేస్తే షుగరూ లేదు, గిగరూ లేదు. మనిషి గుండ్రాయి మాదిరి ఉండాడు!" నేను ముద్ద కలుపుతూ పకపకా నవ్వాను. తర్వాత తెలిసింది, జోష్న ఇంట్లో కూడా ఇది తాత సొక్కా కాదని పోరుపెట్టిందట. ఆ తాతా నాలాగే అన్నాడట, తెల్ల సొక్కాలన్నీ ఒకటేనని.

ఇక నాన్న కోటు. రోజూ బస్సులో ప్రతి కండక్టరునూ అడిగాను. చివరికి ఒకాయన చెప్పాడు, "కుప్పం బస్టాండులో టీ అంగడాయన దగ్గర ఏదో సంచి ఉండాదమ్మా, పోయి సూడు" అని. శుక్రవారం పిల్లలతో వ్యానులో కుప్పం దిగగానే ముందు అక్కడికే పరిగెత్తాను. టీ అంగడాయన ఆ సంచి మీదే కూర్చుని వ్యాపారం చేస్తున్నాడు. "మెత్తగా ఉండాదని ఏసుకున్యా పాపా" అని, ఇష్టం లేకుండానే లేచాడు. కోటు నలిగింది కానీ ప్రాణంతో ఉంది. సంచి భుజాన వేసుకుని కొత్త బడికి నడిచాను. ఈసారి బట్టలు నావే, మూటలు నావే. ఇంక నన్ను ఆపేవాడెవడు?

బడి ముందు షామియానా. కుప్పం జనం చాలామందే వచ్చారు. తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో మలుపు తిరిగి, కన్నడంలో ముగించే జనం. మా పిల్లలు ముందు వరసలో. వేదిక మీద నా బుట్టలు సిద్ధంగా ఉన్నాయి. రెడ్డెప్ప సార్ కొత్త తెల్ల చొక్కాను ప్యాంటులోకి దోపి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వారం రోజుల మజ్జిగ ఫలితంగా గుండీలు ఎలాగో పట్టాయి. దీపం వెలిగించడానికి ముందుకు వంగారు.

వంగగానే వెనక చొక్కా అంచు ప్యాంటులోంచి బయటికి జారింది. ఆ అంచున, నీలం బాల్‌పెన్నుతో గీసిన సూర్యుడు. గుండ్రటి మొహం, చుట్టూ కిరణాలు, రెండు కళ్లు, నవ్వే నోరు.

నా గుండె ఆగిపోయింది. జోష్న గుండె ఆగలేదు, నోరు అసలే ఆగలేదు. బెంచీ మీదికెక్కి నిలబడింది.

"మిస్! సన్! మా తాత సొక్కా! దిస్ ఈజ్ మై తాత షర్ట్!" ఆపైన, ఇంక తట్టుకోలేక, గొంతు చించుకుని, "షర్ట్!"

ఆట నియమం మీకు గుర్తుందా? నాకు గుర్తొచ్చేలోపే పిల్లలకు గుర్తొచ్చింది. "షర్ట్! షర్ట్! షర్ట్!" అని ముందు వరస మొత్తం వేదిక మీదికి దూకింది. ఒకడు ఎడమ చెయ్యి, ఒకతె కుడి చెయ్యి. మిగిలినవాళ్లు ఎక్కడ అందితే అక్కడ. సార్ పసిపిల్లల్ని తోయలేరు, వదిలించుకోలేరు. "రేయ్, వదలండ్రా! అమ్మా, దీన్ని పట్టుకోండి!" అంటున్నారు. అసలే ఊపిరి మీద ఆగిన గుండీలు, ఒక్కొక్కటే టప్పు టప్పుమని సెలవు తీసుకున్నాయి. కన్ను మూసి తెరిచేలోగా చొక్కా పిల్లల తలల మీదుగా ఊరేగి, వెళ్లి షర్టుల బుట్టలో పడింది. సరైన బుట్టలోనే పడింది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

రెడ్డెప్ప సార్ బనీనుతో నిలబడ్డారు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ట్రైనింగు అలవాటు చూడండి, ఎంత గట్టిదో! పిల్లలు వస్తువును సరైన బుట్టలో వేయగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"వెరీ గుడ్! క్లాప్స్!"

జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో ఒక బుడ్డోడు సార్ నడుముకేసి చూసి "బెల్ట్!" అన్నాడు.

"స్టాప్!" నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ బొమ్మలైపోయారు. బెల్టు దాకా వచ్చిన చెయ్యి బెల్టు దగ్గరే ఆగింది. పాఠం పుణ్యమా అని సార్ పరువు నడుము దగ్గర నిలిచింది.

ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. బస్టాండు దారి కళ్లముందు కనబడుతోంది. ఇంతలో జనంలోంచి ఒకాయన లేచాడు.

"ఏమప్పా, ఈ పిల్లోళ్లు ఎన్నాళ్ల నుంచి చదవతాండారు? మా పెద్దోడు అయిదో తరగతి, షర్ట్ అంటే గోడకు తగిలించింది సూపిస్తాడు కానీ, ఇట్ల పోయి తెచ్చేది లేదే! స్టాప్ అంటే నిలబడేది అసలే లేదు పా!"

రెడ్డెప్ప సార్ శనక్కాయ నూనె అమ్మిన మనిషి. బేరం వచ్చాక ఒంటిమీద చొక్కా ఉందా లేదా అని చూసుకునే రకం కాదు. బనీనుతోనే మైకు అందుకున్నారు.

"సూసినారు కదా! మా బడిలో ఇంగ్లీషు నోటితో అప్పజెప్పించేది లేదు. చేతలతో సూపిస్తాము. పిల్లోళ్లకు అర్థమైందా లేదా తెలవాలంటే మేస్టరు సొక్కా పోయినా సరే!"

నవ్వులు, ఈలలు, చప్పట్లు. జనం బల్ల దగ్గర ఎగబడ్డారు. తెచ్చిన దరఖాస్తులు అయిపోయి తెల్లకాగితాల మీద పేర్లు రాసుకున్నారు. నేను ఆ సందట్లో సంచి విప్పి, చేతికందింది తీసి సార్ భుజాన కప్పాను. నల్లటి కోటు. బనీను మీద మా నాన్న పెళ్లికోటు తొడుక్కుని, రెడ్డెప్ప సార్ రిబ్బను కత్తిరించి ఫోటో దిగారు.

"కుర్చీ నీదే ఎస్తేరమ్మా," అన్నారు నాకు మాత్రమే వినబడేట్టు. "కానీ ముందు నా సొక్కా యాడుందో చెప్పు. రాత్రికి నేను అన్నం తినాల."

జోష్న బుట్టలోంచి తాత చొక్కా తీసి, అంచు నా మొహం ముందు పెట్టింది. "సూర్యుడు ఉండాడు సూడు మిస్. నేనే ఏసినా."

"ఉన్నాడు తల్లీ," అన్నాను. నా కళ్లు ఎందుకో తడిశాయి. నాలుగేళ్ల పిల్ల నిజం చెబితే, వారం రోజులు నేను ఆకాశంకేసి చూశాను.

ఆ రాత్రి పుంగనూరులో చొక్కాలు చేతులు మారాయి. క్రిష్ణప్ప తాత కాఫీలో మళ్లీ చక్కెర పడింది. రెడ్డెప్ప సార్ ఇంట్లో ఎసట్లోకి రెట్టింపు బియ్యం పడ్డాయి. నాన్న కోటు చడీచప్పుడు లేకుండా బీరువాలోకి చేరింది. నేను కుప్పంలో కుర్చీ ఎక్కాను. మొన్నీమధ్య నాన్న మా బడి చూడ్డానికొచ్చాడు. గోడ మీద ప్రారంభోత్సవం ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ పెద్దమనిషి కోటు అచ్చం నా పెండ్లి కోటు మాదిరే ఉండాదే!"

"నల్ల కోట్లన్నీ ఒకటే నాన్నా," అన్నాను, పిల్లల కాగితాలు సర్దుతూ.

నాన్న కళ్లద్దాలు తుడుచుకుని ఇంకా దగ్గరికి వెళ్లాడు.

"నా కోటుకు మధ్య గుండీ ఊడిపోతే మీ అమ్మ ఎర్ర దారంతో కుట్టింది. ఈయన పెండ్లాం కూడా ఎర్ర దారంతోనే కుట్టిందామ్మా?"

అందుకని, మునెప్ప ఇస్త్రీ పెట్టె సాక్షిగా, అందులోని నిప్పుల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పరాయివాళ్ల మూట ముడి విప్పను. విప్పినా మూటగుడ్డ దాచను. సూర్యుడున్నాడని పిల్ల చెబితే ముందు చొక్కా అంచు చూస్తాను. కోటు అనే మాటను మాత్రం ఇకమీదట చార్టు మీద బొమ్మ చూపించే నేర్పుతాను. ట్రైనింగు వాళ్లు నన్ను క్షమించాలి. నాన్న బీరువాకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు.